ఏ ఊరండీ మనది?



ఉదయం ఎనిమిది గంటలకు మన ఓపీ హాలులో కూర్చున్న వారిని ఒకసారి చూడండి. ఒక్కో బల్ల మీద ఐదారుగురు ఉంటారు. చేతిలో చీటీ, ఒళ్ళో పాత ఎక్స్‌రే కవరు, చూపంతా డాక్టరు గారి గది తలుపు మీద. రెండు మూడు గంటలు భుజాలు తగులుతూ కూర్చుని కూడా పక్కవారి ఊరు పేరైనా తెలుసుకోకుండా వెళ్ళిపోయేవారు ఎందరో. ఇప్పుడు సెల్‌ఫోను కూడా తోడైంది గనుక తల ఎత్తే పనే లేకుండా పోయింది.

స్త్రీల వార్డులో మేము చూసిన ఒక సంగతి చెబుతాము. తుంటి ఎముక విరిగి ఒక పెద్దావిడ చేరారు. పిల్లలు విదేశంలో ఉన్నారు. డబ్బుకు లోటు లేదు, రోజూ ఫోనూ వచ్చేది. అయినా ఆమె అన్నం సగం వదిలేసేవారు. ఆపరేషను అయ్యాక నడవమంటే "ఎవరికోసం నడవాలమ్మా?" అని గోడవైపు తిరిగి పడుకునేవారు. పక్క మంచం మీది కోడలికి సాయంగా వచ్చిన ఒకామె ఒకరోజు దగ్గరకు వెళ్ళి, "ఏ ఊరు పెద్దమ్మా మనది?" అని అడిగింది. మాటల్లో ఇద్దరి ఊళ్ళవారూ వెళ్ళే సంత ఒకటేనని తేలింది. మర్నాడు ఆ పెద్దావిడ ఆమె చేయి పట్టుకుని వరండా చివరిదాకా నడిచారు. మందులు మేమిచ్చినవే, వాకరూ మాదే. ఆమెను మంచం మీదనుంచి లేపింది మాత్రం ఆ పలకరింపు. రివ్యూకు ఇద్దరూ ఒకే రోజు వచ్చేలా తేదీ రాయించుకుని మరీ వెళ్ళారు.

ఒంటరితనం మనసుకు మాత్రమే సంబంధించినదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారనీ, ఏటా సుమారు 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉన్నదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో తెలిపింది. గుండెజబ్బు, పక్షవాతం, మధుమేహం వచ్చే ముప్పు కూడా పెరుగుతుందని హెచ్చరించింది. అంతకు ముందు 2010లో శాస్త్రజ్ఞులు 148 పరిశోధనలను, అంటే మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను, కలిపి చూశారు. నలుగురితో గట్టి సంబంధాలున్నవారు బతికి ఉండే అవకాశం లేనివారికంటే సుమారు 50 శాతం ఎక్కువని తేలింది. బీపీ మాత్ర మరచిపోతే కంగారు పడే మనం, వారం రోజులుగా ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడలేదని ఎప్పుడైనా కంగారు పడ్డామా?

మరి ఎందుకు పలకరించము? "వారేమనుకుంటారో" అన్న జంకే కారణం. అమెరికాలోని చికాగో నగరంలో రైలు ప్రయాణికులమీద జరిగిన పరిశోధన 2014లో వెలువడింది. కొత్తవారితో మాట్లాడితే ప్రయాణం ఇబ్బందిగా ఉంటుందని అక్కడివారూ అనుకున్నారు. తీరా మాట్లాడినవారికే, మౌనంగా కూర్చున్నవారికంటే ప్రయాణం హాయిగా సాగింది. మనతో మాట్లాడిన కొత్తవారు మనం అనుకున్నదానికంటే మనల్ని ఎక్కువగానే ఇష్టపడతారని 2018లో మరొక పరిశోధన చూపింది. అంటే మనకు జంకు, పక్కవారికీ జంకే. ముందు ఎవరో ఒకరు నోరు తెరవాలి.

కొత్తవారిని నమ్మడం ఎలా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పలకరించడం వేరు, నమ్మడం వేరు. ప్రయాణంలో ముక్కూ మొహం తెలియనివారు ఇచ్చినవి తినకండి. డబ్బు, నగలు, ఫోనుకు వచ్చే ఓటీపీ ఎవరి చేతికీ ఇవ్వకండి. పరిచయం మామూలు స్నేహంగా మారడానికి దాదాపు 50 గంటల సహవాసం, ప్రాణస్నేహానికి 200 గంటలకు పైగా పడుతుందని 2018లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. తొందర అక్కరలేదు. మనిషి మంచి చెడులు ఆ గంటల్లోనే తెలుస్తాయి. కానీ మొదటి నిమిషమే లేకపోతే 50 గంటలు ఎక్కడినుంచి వస్తాయి?

ఆసుపత్రిలో పలకరించేటప్పుడు "ఏం జబ్బు?" అని మొదలుపెట్టవద్దని మా మనవి. చెప్పుకోలేని బాధలు కొన్ని ఉంటాయి. "టిఫిను అయిందా అక్కా?", "నీళ్ళ సీసా నింపి తెమ్మంటారా బాబాయి గారూ?" అంటే చాలు. ముక్తసరిగా జవాబిస్తే అక్కడితో వదిలేయండి, నొచ్చుకోకండి. దగ్గు, జ్వరం ఉంటే మాస్కు పెట్టుకుని కాస్త ఎడంగా కూర్చునే మాట్లాడండి.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆవరణలో మనమంతా ఎవరి చుట్టూ చేరుతున్నాము? తెలిసినవారి చుట్టూనే. బదిలీమీద వచ్చిన ఉద్యోగి, కొత్తగా కాపురానికి వచ్చిన కోడలు, పనికోసం వలస వచ్చిన కుటుంబం వెనుక వరుసలోనుంచే ఇంటికి వెళ్ళిపోతున్నారు. ఈ విషయంలో మేమూ తప్పు చేస్తున్నాము. పని ఒత్తిడిలో మనిషిని "పన్నెండో నంబరు" అని పిలిచిన రోజులున్నాయి. ఇకనుంచి మీ పేరూ ఊరూ తెలుసుకున్నాకే కేసుషీటు తెరవాలని మేము అనుకుంటున్నాము. తప్పితే మమ్మల్ని నిలదీయండి.

"మీది ఏ ఊరు?" అనకుండా "ఏ ఊరండీ మనది?" అని అడగడం మన పెద్దల అలవాటు. ఊరి పేరు తెలియకముందే ఆ ఊరిని మనది చేసే మాట అది. ఈసారి ఓపీకి వచ్చినప్పుడు బల్లమీద కాస్త జరిగి, నిలబడి ఉన్నవారికి చోటిచ్చి, ఆ మాట అడగండి. మీ చీటీ నంబరు పిలిచేదాకా సమయం ఎలాగూ ఉంది.