అభిమానం నేర్పే వ్యాకరణం

మన తెలుగువాళ్ళ వారాంతపు విందుల్లో ఈమధ్య ఒక కొత్త ఫిర్యాదు మొదలైంది. పూర్వం "మావాడు పిజ్జా అయితే తింటాడు గానీ పప్పన్నం ముట్టడండీ" అనుకునేవారు. ఇప్పుడేమో "మా అమ్మాయికి తెలుగులో నాలుగు ముక్కలు రావు గానీ కొరియన్ మాత్రం కావాలట" అంటున్నారు. అనడం, ఓ నిట్టూర్పు విడవడం, పక్కనున్నావిడ "మా ఇంట్లోనూ అంతేనండీ" అని వంత పాడడం. ఈ ఫిర్యాదుతో నాకు కాస్త పేచీ ఉంది. ఆ పిల్లలు చేస్తున్న పనిలో తప్పు లేదు సరికదా, వాళ్ళని చూసి పెద్దవాళ్ళు నేర్చుకోవలసింది చాలా ఉందని నా అభిప్రాయం. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా వినండి.

ముందు, ఈ గోల తెలియనివారి కోసం రెండు ముక్కలు. బీటీఎస్ అని ఏడుగురు కుర్రాళ్ళ కొరియా బృందం ఒకటుంది. 2013లో మొదలైంది. అందులో అందరికన్నా చిన్నవాడు జంగ్‌కుక్ అనే గాయకుడు, 1997లో పుట్టాడు. మా అమ్మాయి అతనికి వీరాభిమాని. మన చిన్నప్పుడు నోటుపుస్తకాల అట్టల మీద హీరోల బొమ్మలు అంటించుకునేవాళ్ళం చూడండి, అదే జాతి. కాకపోతే ఈ అభిమానులు ప్రపంచమంతా ఉన్నారు, రాత్రీ పగలూ లేకుండా ఫోన్లో కబుర్లాడుకుంటారు. మా అమ్మాయి జట్టులో మనీలా పిల్ల ఒకతి, బ్రెజిల్ పిల్ల ఒకతి, సియోల్‌లోనే ఉండే కాలేజీ అమ్మాయి ఒకావిడ. తను చదివి వినిపించబట్టే నాకీ సంగతులు తెలుసు. దొంగచాటుగా చూసి కాదు లెండి :)

ఆ కబుర్లలో సగం మీరు ఊహించేవే. జుట్టుకి ఏ రంగు వేశాడు, ఆ చొక్కా ఎక్కడ కొన్నాడు... మిగతా సగం ఏమిటో తెలుసా? వ్యాకరణం!

జంగ్‌కుక్ మిగతా ఆరుగురినీ "హ్యోంగ్" అంటాడు, అభిమానులు అతన్ని "ఒప్పా" అంటారు, రెంటికీ అర్థం అన్నయ్యేనట, మరి తేడా ఏమిటి అని ఒకతి అడుగుతుంది. "పిలిచేది మగపిల్లాడైతే హ్యోంగ్, ఆడపిల్లైతే ఒప్పా. అలాగే అక్కని అతను నూనా అంటాడు, నువ్వు ఒన్ని అనాలి" అని మనీలా పిల్ల తేల్చేస్తుంది. ఇంకోరోజు బ్రెజిల్ పిల్ల సియోల్ అమ్మాయిని "పమ్ మొగొస్సొ?" అని పలకరిస్తుంది. "అన్నం తిన్నావా?" అని. వెంటనే ఇంకొకరు అందుకుని "అది ఈడువాళ్ళతో అనే మాట. పెద్దవాళ్ళతో చివర యొ తగిలించు. అమ్మమ్మలాంటి వాళ్ళతోనైతే అన్నం, తినడం అనే మాటలే మార్చాలి" అంటారు. "థాంక్స్!" అంటుంది ఈ పిల్ల. కబుర్లు మళ్ళీ చొక్కా దగ్గరికి వెళ్ళిపోతాయి. ఎవరూ నవ్వరు. ఎవరూ నొచ్చుకోరు. నిన్న నేర్చుకున్న పిల్ల ఇవాళ కొత్తగా వచ్చిన పిల్లకి చెప్తుంది.

అది వింటుంటే నాకు ముచ్చటేసింది. ఎందుకంటే ఆ చిట్కాలన్నీ మన ఇంట్లోవే! అన్న, తమ్ముడు అనే తేడా ఇంగ్లీషు బ్రదర్‌లో లేదు, మనకుంది. ఈడువాడితో "తిన్నావా", పెద్దాయనతో "భోంచేశారా" అని మాట మార్చడం మనకీ ఉంది. వాళ్ళ "యొ" చేసే పని మన "అండీ" చేసే పనికి దగ్గరగా ఉంటుంది. ఇక వాక్యం సంగతి చూడండి. "నానున్ పాబుల్ మొగొయొ". నేను, అన్నాన్ని, తింటాను. కర్త, కర్మ, చివర క్రియ. "పాబుల్" చివరున్న "ఉల్" అచ్చంగా మన "ని". ఇంగ్లీషులో మాట ముందు నిలబడే ఇన్ లు, టు లు ఇక్కడ మాట వెనక అతుక్కుంటాయి. చిన్నప్పుడు డుమువులు వల్లించిన మనకి ఇది కొత్తేం కాదు.

ఈ పోలిక చూసింది నేనొక్కణ్ణే కాదు. కొరియాలో చాలా ఏళ్ళు పనిచేసిన హోమర్ హల్బర్ట్ అనే అమెరికన్ 1905లోనే కొరియన్ వ్యాకరణాన్ని ద్రావిడ భాషల వ్యాకరణంతో పోల్చి ఏకంగా పుస్తకం వేశాడు. రెండు భాషలకీ చుట్టరికం ఉందన్న వాదాన్ని నేటి భాషావేత్తలు ఒప్పుకోరు. జపనీస్, టర్కిష్ వాక్యాలు కూడా ఇలాగే నడుస్తాయి మరి. చుట్టరికం లేకపోతే పోనివ్వండి, ఇంట్లో అమ్మమ్మ మాటలు సగం విని సగం వదిలేసిన పిల్లకి కొరియన్ వాక్యం వింతగా అనిపించకపోవడం మాత్రం నేను కళ్ళారా చూస్తున్నాను.

అభిమానంతో భాష వస్తుందా అని మీరడగొచ్చు. ఆ బృందనాయకుడు ఆర్ఎం ఇంగ్లీషు బాగా మాట్లాడతాడు. "ఫ్రెండ్స్" అనే అమెరికన్ టీవీ సీరియల్ చూసి నేర్చుకున్నానని 2017లో ఇక్కడి టీవీ కార్యక్రమంలో తనే చెప్పాడు. 2020 మార్చిలో వాళ్ళ కంపెనీ కుర్రాళ్ళ సొంత వీడియోల్లోని మాటలనే తీసుకుని చిన్నచిన్న కొరియన్ పాఠాలు మొదలుపెట్టింది. అభిమానులు అప్పటికే చేసుకుంటున్న పనిలో వ్యాపారం చూసిందన్నమాట. మోడరన్ లాంగ్వేజ్ అసోసియేషన్ లెక్కల ప్రకారం 2016, 2021 మధ్య అమెరికా కాలేజీల్లో ఇంగ్లీషేతర భాషల తరగతుల్లో చేరేవాళ్ళు మొత్తమ్మీద 16.6 శాతం తగ్గారు. కొరియన్‌లో చేరేవాళ్ళు మాత్రం 38.3 శాతం పెరిగారు. అంతా పాటల మహిమే అనను. పాటలు లేకుండా ఇది జరిగేదని కూడా నేననుకోను.

మా కన్సల్టెంట్ల బతుకు తెలిసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. క్లయింటు మారినప్పుడల్లా కొత్త సిస్టమ్. మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదివి పని నేర్చుకున్నవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ముందు పని మీద పడాలి, ఎక్కడో ఇరుక్కోవాలి, పక్క సీటులోవాడు "ఇదిగో, ఈ లైను మార్చు" అనాలి. ఆ ఒక్క లైను జన్మలో మరిచిపోం. అదే మనిషి పదిమంది మీటింగులో "ఈ మాత్రం తెలీదా" అని నవ్వాడనుకోండి... ఇంకెప్పుడైనా అతన్ని అడుగుతామా?

ఇక తెలుగు దగ్గరికొద్దాం. ఇక్కడ పుట్టిన పిల్లాడు "మామయ్య వచ్చింది" అంటాడు. గది గదంతా ఘొల్లున నవ్వుతుంది. ఎవరో దాన్ని పట్టుకుని, వాడికి మీసాలొచ్చేదాకా వచ్చిన చుట్టాలకల్లా చెప్తారు. నిజానికి వాడు చేసిన పనిలో తర్కం ఉంది. రోజూ వినేది "అమ్మ వచ్చింది", "బస్సు వచ్చింది", "వాన వచ్చింది". ఇంగ్లీషులో అందరికీ ఒకటే కేమ్. అదే సూత్రం మామయ్యకీ పెట్టాడు. "మామయ్యకి వచ్చాడు, గౌరవంగా అయితే వచ్చారు" అని అరనిమిషంలో చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నవ్వు విన్న పిల్లాడు రెండోసారి తెలుగులో నోరు విప్పడు. అడిగినదానికి ఇంగ్లీషులో జవాబిస్తాడు. అప్పుడు మళ్ళీ అదే విందులో "మావాడికి తెలుగంటే ఇష్టం లేదండీ" అని నిట్టూర్పు!

అమెరికాలో తెలుగుకేం ఢోకా లేదనే పెద్దలున్నారు. 2010 నుంచి 2017 దాకా ఇక్కడ ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగారని జనాభా లెక్కల ఆధారంగా చెప్పారు, నిజమే. ఆ పెరుగుదల చాలావరకు కొత్తగా విమానం దిగినవాళ్ళది. ఇక్కడ పుట్టిన పిల్లల నోట్లో తెలుగు ఎంత మిగిలిందో ఆ అంకె చెప్పదు.

"వాళ్ళకి బీటీఎస్ ఉంది, మనకేముంది?" అంటారా? 2023 మార్చిలో "నాటు నాటు" ఆస్కార్ తెచ్చుకుంది. తెలుగు ముక్క రానివాళ్ళు ఆ పాటకి చిందులేశారు. నాటు అంటే ఏమిటి అని మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. నాటుకోడి, నాటువైద్యం ఉదాహరణలతో రెండు నిమిషాల్లో చెప్పాను, సంతోషపడ్డాడు. మన పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ రెండు నిమిషాలు ఎన్ని ఇళ్ళల్లో ఖర్చుపెట్టి ఉంటారు?

ఈ అభిమానం అంతా పవిత్రమని నేననడం లేదు. అందులో డబ్బు ఖర్చుంది, జట్ల తగాదాలున్నాయి. ఏడాది తిరక్కుండా మోజు తీరిపోయే పిల్లలు బోలెడంతమంది. ఇక్కడి తెలుగు బడులని తక్కువ చెయ్యడమూ నా ఉద్దేశం కాదు. మనబడి 2007లో మొదలైంది. వారాంతం వదులుకుని పాఠాలు చెప్పే స్వచ్ఛంద గురువులకి నమస్కారం పెట్టాల్సిందే. అయితే వారానికి ఒకరోజు బడి నేర్పినదాన్ని మిగతా ఆరురోజులూ ఇంటి నవ్వు చెరిపేస్తుంటే ఏ గురువు మాత్రం ఏం చేస్తారు?

నేను చెప్పొచ్చేది చిన్న సంగతి. పిల్లలకి ఏ పాట ఇష్టమో, ఏ సినిమా ఇష్టమో అక్కణ్ణుంచి తెలుగు మొదలుపెట్టండి. అడిగినప్పుడు ఒక్క వాక్యంలో చెప్పి వదిలెయ్యండి. తప్పుని చుట్టాల ముందు కథగా చెప్పకండి. విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్న బాబాయి పిల్లలతో వాళ్ళని తెలుగులో కబుర్లాడుకోనివ్వండి, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా సరే. ఈడువాళ్ళు దిద్దితే తీసుకున్నంత తేలిగ్గా పిల్లలు మనం దిద్దితే తీసుకోరు.

మీ ఇంట్లో మొన్న ఒక తెలుగు తప్పు దొర్లినప్పుడు ముందు వినిపించినది నవ్వా, సరైన మాటా?