అనంతగిరి పుట్టగొడుగులకు ఆధార నమూనాలు కావాలి

తెలుగు భాష పుట్టగొడుగుకు అది మొలిచే చోటును బట్టి పేరు పెట్టింది. చెదపుట్టపై విచ్చే గొడుగు పుట్టగొడుగు. తినరానిదని వదిలివేసినది కుక్కగొడుగు. చెదలతో సహజీవనం చేసే ఈ శిలీంధ్రాలకు 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ టెర్మిటోమైసెస్ ప్రజాతిని ఏర్పరచారు. ఆ సంబంధాన్ని తెలుగు మాట అంతకు ముందే పట్టుకున్నది. అయితే వాడుక పేరు జాతిని జాతి నుండి వేరు చేయదు. ఒకే బుట్టలో మూడు నాలుగు జాతులు ఉండవచ్చు.

వికారాబాద్ వద్ద అనంతగిరి కొండలలో జేగురు నేలలు, అడవి ఉన్నాయి. సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని తాండూరులో సున్నపురాయి, కంది చేలు కనిపిస్తాయి. నేల, చెట్టు, చెద మారినచోట శిలీంధ్రాలూ మారడం సహజం. ఒకే జిల్లాలో ఇంత వైవిధ్యం ఉండడం అన్వేషకునికి అదృష్టమే.

జాతుల గుర్తింపు వృక్షశాస్త్రజ్ఞుల పని, వ్యవసాయ విస్తరణకు దానితో ఏమి పని అనే వాదన ఉన్నది. అది నిలవదు. నేడు రైతులు పెంచుతున్న పాల పుట్టగొడుగు కాలోసైబ్ ఇండికా, 1974లో పశ్చిమ బెంగాల్ నుండి వర్ణితమైన అడవి జాతియే. ప్రాణాపాయం సంగతి వేరే చెప్పనక్కరలేదు. క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ లేతగా ఉన్నప్పుడు తినదగిన తెల్ల గొడుగులాగే కనిపిస్తుంది. ముదిరిన టోపీని తెల్ల కాగితంపై బోర్లించి రాత్రంతా ఉంచితే పడే ఆకుపచ్చని సిద్ధబీజాల ముద్రే దానిని పట్టిస్తుంది.

ఛాయాచిత్రంతో కొత్త జాతిని నిరూపించలేము. రంగు, వాసన, కోసినచోట వచ్చే మార్పు ఎండితే పోతాయి కనుక వాటిని అక్కడికక్కడే రాసుకోవాలి. టెర్మిటోమైసెస్ కాడను లాగరాదు, తవ్వాలి. చెదల గూటిలోని శిలీంధ్ర తోట వరకు దిగే వేరువంటి భాగం తెగితే ముఖ్య లక్షణమే పోతుంది. ఎండబెట్టిన నమూనా పుణెలోని అఘార్కర్ పరిశోధన సంస్థ వంటి చోట హెర్బేరియంకు చేరాలి. 2013 నుండి కొత్త శిలీంధ్ర నామానికి నమోదు సంఖ్య కూడా తప్పనిసరి.

డీఎన్ఏలోని ఐటీఎస్ భాగం శిలీంధ్రాలకు గుర్తింపు పట్టీ వంటిదే కాని, తీర్పు కాదు. తప్పు పేర్లతో చేరిన క్రమాలు బహిరంగ నిధులలో కొల్లలుగా ఉన్నాయి. పోలిక శాతం కాస్త తగ్గగానే కొత్త జాతి అని ప్రకటించడం తొందరపాటు. తెలిసిన జాతినే చక్కని నమూనాతో తిరిగి నమోదు చేయడం అంతకంటె విలువైన పని. విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలలో దీనికి తగిన గౌరవం దక్కాలి.

వానకాలంలో కంది చేలను చూడబోయే విస్తరణ శాస్త్రవేత్త సంచిలో ఒక చాకు, తవ్వుగోల, కాగితపు సంచులు ఉంటే చాలు. పాలిథీన్ సంచి మాత్రం వద్దు. అందులో నమూనా సాయంత్రానికే కుళ్ళుపడుతుంది.