ఊడ్చు చేతికి మాస్కు

మన షోలాపురపు కార్ఖానాలలో మగ్గము క్రింద చీపురు పట్టు మనిషి, ఊడ్చునంతసేపు, మగ్గము నడుపువానికంటె నెక్కువ దుమ్ము పీల్చును. ఈ మాట మా వర్తకులకును, కార్ఖానదారులకును రుచింపకపోవచ్చును.

ప్రత్తి దుమ్ము ఏండ్ల తరబడి ఊపిరితిత్తులలో చేరుటవలన కలుగు వ్యాధికి బిసినోసిస్ అని పేరు. దాని తొలిగుర్తు విచిత్రమైనది. వారపు సెలవు గడచి పనికి వచ్చిన దినముననే రొమ్ము బిగబట్టును. తక్కిన దినములలో సర్దుకొనును. ఇంగ్లండు మిల్లులలో దీనిని సోమవారపు జబ్బనిరి. కొన్నేండ్లకు ఆ బిగువు వారమంతయు నిలిచిపోవును. మనవారు దీనిని చలిగాలియనియు, బీడీ పొగయనియు సరిపెట్టుకొందురు. పొగ త్రాగువారికి ఇది ముదురుట నిజమే, కాని పొగ ముట్టని స్త్రీలకును వచ్చును. నూలు వడుకు మిల్లులలోకంటె నేతలో ఈ వ్యాధి తక్కువ. తక్కువయనగా లేదని కాదు. తువ్వాలు మగ్గముల క్రింద ఎంత పింజ రాలునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

నోటికి రుమాలు కట్టుకొనుట మనకు అలవాటు. రుమాలు కంటికి కనబడు పింజను ఆపును, ఊపిరిలో లోతుగా దిగు సన్నని దుమ్మును ఆపజాలదు. పైగా వ్రేలాడు కొంగుగాని రుమాలుగాని తిరుగు మగ్గములో చిక్కిన ప్రాణాపాయము. కనుక ముందు మగ్గమును ఆపవలెను. ఎన్-95 రకపు మాస్కు ముఖమునకు అంటుకొని యుండవలెను. గడ్డము పెరిగినచో ప్రక్కలనుండి దుమ్ము దూరును. దానిని సబ్బుతో ఉతుకరాదు, ఉతికిన దుమ్మును పట్టు గుణము పోవును. తడిసినను, నలిగినను, ఊపిరి తీయుట కష్టమైనను పారవేయవలసినదే. ఒకరిది మరియొకరు పెట్టుకొనరాదు. అచ్చునకు, నాడెకు ఒక చోటు ఏర్పరచి కాపాడు మనవారు మాస్కును మాత్రము మగ్గము ప్రక్కన మేకునకు తగిలింతురు. మరునాటికి దాని లోపలి వైపుననే పింజ పేరుకొనును! కాగితపు సంచిలో, దుమ్ము లేని చోట ఉంచిన చాలును.

గాలి గొట్టముతో పింజను ఊదివేయుట త్వరగా జరుగు పని. కాని ఊదిన దుమ్ము ఎక్కడికి పోవును? కార్ఖానా ప్రక్కనే కాపురమున్న యిండ్లు మనలో కొల్లలు. అమెరికా ప్రభుత్వము 1978లో చేసిన ప్రత్తి దుమ్ము నిబంధనలలో, వేరు ఉపాయమున్నచోట గాలితో ఊది శుభ్రపరచుటను నిషేధించినది. పీల్చు యంత్రము కొనగలవారు కొనవలెను, కొనలేనివారు నెమ్మదిగా ఊడ్పింపవలెను.

ఇక ఖర్చు. భద్రతా సామగ్రికై పనివారినుండి సొమ్ము తీయరాదని 1948 నాటి కర్మాగారముల చట్టమునందే యుండెను; దాని స్థానమున వచ్చిన 2020 నాటి స్మృతియు అట్లే చెప్పుచున్నది. మాది చిన్న కార్ఖానా, చట్టము మాకు తగులదని కొందరందురు. చట్టము తగులకపోవచ్చును, దుమ్ము తగులును. మాస్కులు కొన్నచోటను సాంచేవారికి పంచి, ఊడ్చు అమ్మను లెక్కలో చేర్చని వారు కలరు. ఆమె పేరు హాజరు పుస్తకములో లేదట!

దసరా ఆయుధపూజకు ముందు ప్రతి కార్ఖానాలోను ఏడాది పింజ దులుపుదురు. మగ్గములకు పూలదండలు కొనునాడే మాస్కులును కొనవలెనని మన సంఘమువారికి మనవి. లెక్కను ఊడ్చు అమ్మతో మొదలుపెట్టవలెను.