స్పాంజి కథ ఇక చాలిద్దాం

రేపు పొద్దున్న లేవగానే గోడకు ఆనుకుని నిటారుగా నిలబడండి. తలమీద అట్ట పెట్టించుకుని గోడమీద పెన్సిలుతో గీత గీయించండి. రాత్రి పడుకోబోయే ముందు మళ్ళీ అలాగే చేయండి. రెండో గీత మొదటిదానికన్నా కాస్త కిందికి వుంటుంది! పెద్దవాళ్ళయితే సాయంత్రానికి ఒక సెంటీమీటరుకు పైనే కుంగుతారు. కంగారు పడకండి. పోయిన ఎత్తు నిద్రలో తిరిగి వచ్చేస్తుంది.

ఇది డిస్కుల పని. మన వెన్నుపూసల మధ్య 23 డిస్కులున్నాయి. ఒక్కొక్క దానికి చుట్టూ గట్టి పీచు వలయాలు, నడుమ మెత్తని గుజ్జు. ఆ గుజ్జులో అధికభాగం నీరే. పగలంతా మన బరువు మోయడంతో కొంత నీరు బయటికి పోతుంది. పడుకున్నాక ఆ నీటిని డిస్కు తిరిగి పీల్చుకుంటుంది.

ఇంతవరకు పేచీ లేదు. నా పేచీ అంతా దీని తరవాత వచ్చే వాక్యంతోనే. “డిస్కుల్లో రక్తనాళాలు లేవు కాబట్టి, మనం కదిలినప్పుడల్లా అవి స్పాంజిలా నొక్కుకుని, వదులై, ఆహారాన్ని పీల్చుకుంటాయి” అని ఎన్నోచోట్ల రాస్తారు. రాయడమేమిటి, నేనే తరగతిలో చెప్పాను. బకెట్లో స్పాంజి ముంచి, పిండి చూపించి మరీ చెప్పాను. పిల్లలు సంతోషించారు. నేనూ సంతోషించాను. కాని ఆ పాఠం తప్పు.

అసలు సంగతి చూడండి. మన శరీరంలో చాలా కణాలకు మిల్లీమీటరులో పదో వంతు దూరంలోనే ఏదో ఒక రక్తకేశనాళిక వుంటుంది. పెద్దవాళ్ళ నడుము డిస్కులో మధ్యనున్న కణానికి మాత్రం దగ్గరి రక్తనాళం 8 మిల్లీమీటర్ల దూరంలో వుండవచ్చు. మీరు పుట్టినప్పుడు మీ డిస్కుల్లోనూ కొన్ని రక్తనాళాలుండేవి. అవి బాల్యంలోనే చాలావరకు మాయమవుతాయి. ఆ తరవాత గ్లూకోజు రావాలంటే పైనా కిందా వున్న వెన్నుపూసల్లోని నాళాలలోంచి, పలచని మృదులాస్థి పలక దాటి, గుజ్జులోకి రావాలి. దాన్ని ఎవరూ తోయరు. ఎక్కువ వున్నచోటునుంచి తక్కువ వున్నచోటికి తనంతట తానే పాకుతుంది. దీన్నే విసరణ అంటారని మీరు చదువుకున్నారు.

విసరణ దగ్గరి ప్రయాణానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. దూరప్రయాణానికి మహా మందకొడి. దూరం రెట్టింపయితే పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. మిల్లీమీటరులో పదో వంతు దాటడానికి రమారమి 15 సెకన్లు పట్టిందనుకోండి. 8 మిల్లీమీటర్లంటే 80 రెట్లు దూరం. కాలమో? 6,400 రెట్లు! గుణించి చూడండి, ఇరవై ఆరు గంటలు దాటుతుంది. నమ్మకం కలగకపోతే చైనాగ్రాసు కాచి గాజుగ్లాసులో పోయండి. అది గడ్డకట్టాక పైన రెండు చుక్కల సిరా వేసి, ఒక గంటకోసారి, మర్నాడోసారి స్కేలుతో కొలవండి.

మరి కదలిక వల్ల సాయం జరగదా? 1982లో జిల్ అర్బన్, ఆలిస్ మరూదాస్, వారి సహచరులు జంతువుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు ప్రకటించారు. గ్లూకోజు వంటి చిన్న అణువుల రాకపోకల్లో ఈ పిండుడు వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పెద్ద అణువుల విషయం వేరు, వాటికి నీటి ప్రవాహం కొంత తోడ్పడుతుంది. కాని కణం ఆకలి తీర్చేది గ్లూకోజు కదా!

“ఐతే ఆటలు మానేయమంటారా?” అని మీరడుగుతారు. అబ్బే! ఆడండి, పరిగెత్తండి. ఎముకలకూ, కండరాలకూ, గుండెకూ మంచిది. ఇన్ని నిజమైన కారణాలుండగా లేనిదాన్ని అంటగట్టడం దేనికని మాత్రమే నా ప్రశ్న.

స్పాంజికి బదులు ఏం చెప్పాలి? కాలువ కింది శివారు భూములను చెప్పాలంటాను. తూము దగ్గరి పొలాలు ముందు తడుస్తాయి. చివరి పొలానికి పైవాళ్ళు వాడుకోగా మిగిలిందే దక్కుతుంది. డిస్కు మధ్యలోని కణాల బతుకూ అంతే. అందుకే అవి పొదుపు నేర్చుకున్నాయి. ఆక్సిజన్ పెద్దగా అందదు గనక గ్లూకోజును అది లేకుండానే విడగొట్టుకుంటాయి. ఆక్సిజన్‌తో పూర్తిగా వాడితే ఒక గ్లూకోజు అణువు నుంచి సుమారు 30 ఎ.టి.పి. అణువులు వస్తాయి. లేకుండా వచ్చేవి రెండే. పైగా లాక్టిక్ ఆమ్లం మిగులుతుంది. అదీ వచ్చిన దారినే మెల్లగా పాకుతూ బయటికి పోవాలి. 2001లో హార్నర్, అర్బన్ ఆవు డిస్కు కణాలతో పరీక్షించారు. ఆక్సిజన్ లేకుండా 13 రోజులు బతికాయి. గ్లూకోజు లేకపోతే చచ్చిపోయాయి. ఆమ్లం బాగా పెరిగినా అంతే.

ఇంత తక్కువ తిండితో సరిపెట్టుకోవాలంటే తినే నోళ్ళు కూడా తక్కువుండాలి మరి. ఒక ఘన సెంటీమీటరు గుజ్జులో వుండేవి సుమారు 40 లక్షల కణాలు. వినడానికి ఎక్కువేగాని, గుజ్జు మొత్తంలో అది నూటికి ఒక వంతు. నీటిని పట్టివుంచే పెద్ద అణువులను తయారుచేసేది ఆ ఒక వంతే. వయసు మీరినకొద్దీ మృదులాస్థి పలకలో సున్నం పేరుకుని దారి ఇరుకవుతుంది. కణాలు పస్తులుంటే మరమ్మతు ఆగి, గుజ్జు ఎండుతుంది.

బడిపిల్లల పాఠంలో ఒక పోలిక తప్పితే ఏం మునిగిపోయింది, అని పెద్దవాళ్ళు నాతో వాదించారు. నేను ఒప్పుకోను. అరిగిన డిస్కులోకి సూదితో కొత్త కణాలు ఎక్కించి బాగుచేయాలని ఇప్పుడు అనేక దేశాల్లో ప్రయత్నాలు సాగుతున్నాయి. స్పాంజి కథ నమ్మినవాడు, “బాగానే వుంది, కణాలు వేసి నడిపిస్తే సరి” అంటాడు. శివారు పొలం సంగతి తెలిసినవాడు మాత్రం, నీళ్ళు చాలని చేలో ఇంకా నారు నాటితే అది ఏం తాగి బతుకుతుందని ముందే అడుగుతాడు. శాస్త్రజ్ఞులు ఇప్పుడు తలలు పట్టుకుంటున్నది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే.