ఫిల్టర్ పీకేస్తే ఆరేది హెచ్చరిక దీపమే

మా బావ దగ్గర ఏడు సీట్ల డీజిల్ ఎస్‌యూవీ ఉంది. వారంలో ఐదు రోజులు దానికి పని పిల్లల్ని బడిలో దింపడం, ఆఫీసుకు వెళ్లి రావడం. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ రోజుకు పది కిలోమీటర్లు. కొన్నాళ్లుగా డ్యాష్‌బోర్డు మీద ఒక పసుపు దీపం వెలుగుతోంది. గ్యారేజీలో చూపిస్తే, ‘‘పొగ ఫిల్టర్ తీసేసి సాఫ్ట్‌వేర్ మార్చేస్తే ఈ లైట్ మళ్లీ రాదు సార్. ఎలాగూ విప్పుతున్నాం కాబట్టి పెద్ద సైలెన్సర్ వేయించుకోండి. పికప్ పెరుగుతుంది, సౌండ్ అదిరిపోతుంది’’ అన్నారట. బావ నాకు ఫోన్ చేశాడు. ‘‘నువ్వు ఫిజిక్స్ చదివావు కదరా, చేయించమంటావా?’’

వద్దన్నాను. ఇదే ప్రశ్న చాలా ఇళ్లలో ఉంది కాబట్టి కారణాలు ఇక్కడ చెబుతున్నాను.

ముందు పికప్ సంగతి. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌లో పొగ గొట్టం పొడవు, వ్యాసం మార్చి కొంత శక్తి రాబట్టవచ్చు. సిలిండర్ల నుంచి వచ్చే పీడన తరంగాలే అక్కడ సాయం చేస్తాయి. నేటి డీజిల్ ఎస్‌యూవీలో ఆ తరంగాలకు టర్బో చక్రం అడ్డుగా ఉంటుంది. వాటి శక్తిలో కొంత తాను తీసుకుని, మిగిలినదాన్ని మొద్దుబారుస్తుంది. పైగా ఎంత గాలి తోయాలో, ఎంత డీజిల్ చిమ్మాలో నిర్ణయించేది ఇంజిన్ కంప్యూటర్. చివర ఉన్న సైలెన్సర్‌ను మాత్రమే మార్చితే దక్కే లాభం స్వల్పం. గట్టిగా పెరగాలంటే సాఫ్ట్‌వేర్ మార్చి ఎక్కువ డీజిల్ మండించాలి. అప్పుడు మసి కూడా పెరుగుతుంది.

పెరిగేది శబ్దం. 3 డెసిబెళ్లు పెరిగితే ధ్వని శక్తి రెట్టింపు అయినట్టు. హైవే మీద ఒకే వేగంతో వెళుతుంటే ఆ లోతైన మోతకు పెద్ద క్యాబిన్ డబ్బాలా అనునాదం చేస్తుంది. వెనుక సీట్లో నిద్రపోయే పిల్లలకు, పెద్దవాళ్లకు అది ముచ్చటగా ఉండదు.

అసలు విషయం ఫిల్టర్. 2020 ఏప్రిల్ 1న దేశమంతా బీఎస్-6 ప్రమాణాలు వచ్చాయి. డీజిల్ కార్లు కిలోమీటరుకు వదలగలిగే మసి పరిమితి 25 మిల్లీగ్రాముల నుంచి 4.5కు తగ్గింది. కణాల సంఖ్యకూ హద్దు పెట్టారు: కిలోమీటరుకు 60 వేల కోట్లు. సంఖ్య భారీగా కనిపించినా, ఫిల్టర్ లేకుండా దాన్ని అందుకోవడం డీజిల్ ఇంజిన్‌కు చాలా కష్టం. ఈ ఫిల్టర్ తేనెపట్టులాంటి సిరామిక్ దిమ్మె. ఒక గది ముందువైపు తెరిచి ఉంటే పక్క గది వెనుకవైపు తెరిచి ఉంటుంది. వాయువు సన్నటి రంధ్రాలున్న గోడ దాటి పోతుంది, మసి ఇవతలే ఆగుతుంది. పోగైన మసిని దాదాపు 600 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఇంజినే కాల్చేసుకుంటుంది. దీన్నే రీజెనరేషన్ అంటారు. అందుకు కాసేపు ఆగకుండా నడవాలి. బడి, ఆఫీసు, సిగ్నళ్ల మధ్య ఆ అవకాశం దొరకదు. పసుపు దీపం అడిగేది ఆ కాసేపటినే.

ఫిల్టర్ తీసేశాక నల్లటి పొగ కనబడకపోతే, నష్టమేమీ లేదని అనుకుంటాం. మనం చూసే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు. డీజిల్ మసి కణాల్లో చాలావరకు 100 నానోమీటర్ల లోపే. అంత చిన్నవి కంటికి ఆనవు, ఊపిరితిత్తుల లోతుకు మాత్రం చేరతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే డీజిల్ పొగను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే కారకంగా ప్రకటించింది.

ఫిల్టర్ పీకేసిన బండి నడపడం చట్టరీత్యా నేరం కూడా. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ ప్రకారం కాలుష్య ప్రమాణాలు ఉల్లంఘిస్తే 10 వేల రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు లేదా రెండూ. మరి పట్టుకునేదెలా? మన పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో డీజిల్ పొగ గుండా కాంతి ఎంత తగ్గిందో చూస్తారు. పాత లారీల నల్ల పొగకు అది సరిపోయింది. ఫిల్టర్ లేని కొత్త కారు మాత్రం ఆ పరీక్షలో గట్టెక్కగలదు. బెల్జియం 2022లో, నెదర్లాండ్స్, జర్మనీ 2023లో ఇలాంటి తనిఖీల్లో కణాలను లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. మన కేంద్రాలకూ ఆ యంత్రాలు రావాలి. ప్రమాణం కణాల సంఖ్యలో పెట్టి, తనిఖీ పొగ నలుపులో చేయడం అర్థం లేని పని.

తప్పంతా మెకానిక్‌దే అనడం లేదు. కొత్త ఫిల్టర్ ఖరీదైనది, వారంటీ అయిపోయిన కుటుంబానికి అది పెద్ద దెబ్బ. రోజూ పది కిలోమీటర్లు తిరిగేవారికి డీజిల్ బండి నప్పదని అమ్మేటప్పుడే చెప్పాలి. పొగ గొట్టం నిజంగా తుప్పు పట్టి మార్చాల్సి వస్తే, ఫిల్టర్, సెన్సర్ల జోలికి పోకుండా చివరి భాగం వరకే, అదే కొలతల్లో, తుప్పు పట్టని స్టీలుది వేయించుకోండి. ఇంజిన్ ఆయిల్ మాన్యువల్ చెప్పిన రకమే పోయండి. నాసిరకం ఆయిల్ మిగిల్చే బూడిద ఫిల్టర్‌లో కాలదు, పేరుకుపోతుంది.

ఆ ఆదివారం బావ, నేను ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాం. మాన్యువల్‌లో రాసినట్టే, ఆపకుండా ఇరవై నిమిషాలు నడిపాడు. దీపం ఆరిపోయింది. ఇప్పుడు పదిహేను రోజులకోసారి అలా వెళ్లి వస్తున్నాడు. సౌండ్ రాలేదన్న వెలితి ఇంకా ఉందట. బడి గేటు దగ్గర కార్ల వెనుక నుంచి నడిచి వెళ్లే పిల్లల ముఖాలు, పొగ గొట్టానికి మన ముఖాలకన్నా దగ్గరగా ఉంటాయని చెప్పాను. వాళ్లలో ఇద్దరు అతని పిల్లలే.