ఫ్రీ కాపీ అడగొద్దు, ఒక బల్ల వేయండి

ఇష్టమైన మాంగా పాత్రలతో సొంతంగా ఒక కథ అల్లుకుని, బొమ్మలు గీసి, సొంత డబ్బుతో అచ్చేసి అమ్ముకునే పుస్తకాలను జపాన్‌లో దోజిన్షి అంటారు. మన క్యాంపస్‌లో అనిమే చూసే చాలామందికి ఈ మాట తెలుసు. గీసేవాళ్లు కూడా మన దగ్గర ఉన్నారు. ప్రతి బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు తేలతారు, ల్యాబ్ రికార్డు వెనక పేజీల్లో లూఫీని, గోకును దించేవాళ్లు. ఫస్టియర్‌లో మొదలైన కథ ఫైనలియర్‌కు వచ్చేసరికి ఆగిపోతుంది. పుస్తకం మాత్రం కాదు. ఎందుకు వేయలేదని అడిగితే అందరిదీ ఒకటే జవాబు: "కాపీరైట్ లొల్లి మామా, మనకెందుకు!"

కాపీరైట్ అడ్డంకే, కాదనను. కానీ అది రెండో అడ్డంకి. తోటివాడు గీసిన పుస్తకాన్ని డబ్బిచ్చి కొనే అలవాటు మనకు లేకపోవడం, ఆ అలవాటు పుట్టడానికి ఒక చోటు లేకపోవడం మొదటిది. ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది అదే.

ముందు జపాన్ సంగతి చూద్దాం. దోజిన్షి అమ్మకాలకు పెద్ద సంత కామికెట్. ఏడాదికి రెండుసార్లు, ఆగస్టులో, డిసెంబరులో టోక్యోలో జరుగుతుంది. 2019 డిసెంబరులో నాలుగు రోజులకు కలిపి 7.5 లక్షల మంది వచ్చారు. ఈ అంకె వినగానే "అది జపాన్ భాయ్, మనతోని కాదు" అని చేతులెత్తేస్తాం. అదే కామికెట్ మొదటిసారి 1975 డిసెంబరు 21న జరిగినప్పుడు పుస్తకాలు పెట్టినవి 32 బృందాలు. వచ్చినవాళ్లు ఓ 700 మంది. మన ఫెస్ట్‌లో డీజే నైట్‌కు అంతకంటే ఎక్కువ మందే వస్తారు! ఇంకో సంగతి, కామికెట్ పద్ధతిలో 'కస్టమర్' అనే మాటకు చోటు లేదు. అమ్మేవాళ్లు, కొనేవాళ్లు, కుర్చీలు సర్దే వలంటీర్లు అందరూ 'పాల్గొనేవాళ్లే'. అక్కడ కూడా చాలామందికి మిగిలేదేమీ ఉండదు, అచ్చు ఖర్చు తిరిగొస్తే గొప్ప. అయినా ఏళ్ల తరబడి బల్ల వేస్తారు, ఎందుకంటే బల్ల ముందుకు వచ్చి పుస్తకం తిరగేసి డబ్బు తీసేవాళ్లు ఉన్నారు. పేరున్న మాంగా బృందం క్లాంప్ కూడా అట్లాంటి బల్లల దగ్గరి నుంచే వచ్చింది.

ఇక చట్టం. జపాన్‌లో దోజిన్షికి ప్రత్యేక అనుమతి ఉందని మనలో చాలామంది అనుకుంటాం. లేదు. అక్కడి చట్టం ప్రకారం కూడా అది ఉల్లంఘనే. ఇన్నాళ్లూ నడిచింది ఎట్లంటే, హక్కుదారు ఫిర్యాదు చేస్తే తప్ప కేసు ముందుకు పోదు, హక్కుదారులు చాలావరకు చూసీ చూడనట్టు ఉంటారు. 2018 డిసెంబరులో చట్టం మార్చి కొన్నింటికి ఫిర్యాదు అవసరం లేదన్నప్పుడు కూడా దోజిన్షి లాంటివాటిని ఆ మార్పు బయటే ఉంచారు. ఆ సహనానికి హద్దులున్నాయి. 1999లో పోకెమాన్ పాత్రలతో దోజిన్షి అమ్మిన ఒకామెను పోలీసులు అరెస్టు చేశారు. ఒకాయన డోరేమాన్‌కు 'చివరి కథ' గీసి 13,000 దాకా కాపీలు అమ్మితే, ప్రచురణ సంస్థ షోగకుకాన్ అభ్యంతరం చెప్పింది. 2007లో ఆయన క్షమాపణ చెప్పి, వచ్చిన డబ్బులో కొంత కట్టాడు. అంటే చిన్నగా ఉన్నంతసేపే ఆ ఊరుకోవడం.

మన దగ్గర ఆ ఊరుకునే సంప్రదాయం లేదు. 1957 నాటి మన కాపీరైట్ చట్టంలో సొంత చదువుకు, విమర్శకు, సమీక్షకు వెసులుబాటు ఉంది. అభిమానులు గీసి అమ్మే పుస్తకానికని ఒక గీత కూడా లేదు. పైగా 2022 మేలో నిట్ ప్రో కేసులో సుప్రీంకోర్టు కాపీరైట్ ఉల్లంఘనను కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్ నేరంగా తేల్చింది. అంటే పోలీసులు కోర్టు అనుమతి కోసం ఆగక్కర్లేదు. నూరు కాపీల కామిక్ కోసం టోక్యో నుంచి లాయరు ఆత్మకూర్ బస్టాండులో దిగడు, నిజమే. కానీ చట్టం మనవైపు ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి.

సినిమా హీరోల మీద గీయడం ఇంకా తిరకాసు. హీరో పుట్టినరోజుకు సెంటర్లో 40 అడుగుల ఫ్లెక్సీ కట్టండి, ఎవరి ఫోటో, ఎవరి అనుమతి అని ఎవరూ అడగరు, ఎందుకంటే డబ్బు అభిమాని జేబు నుంచే పోతోంది. అదే బొమ్మను టీషర్టు మీద వేసి అమ్మితే లెక్క మారుతుంది. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వెళ్లి, తమ పేరు, రూపం అనుమతి లేకుండా వ్యాపారానికి వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు. వాళ్ల హక్కు వాళ్లది, తప్పు పట్టను. కానీ మన అభిమానం స్వభావం ఇక్కడ కనబడుతుంది. మనది ఖర్చుపెట్టే అభిమానం. పాలాభిషేకానికి చందా వేసుకుంటాం, బెనిఫిట్ షోకు టికెట్ ఎంతైనా కొంటాం. అభిమాని ఏదైనా తయారుచేసి మనకు అమ్మొచ్చు, మనం కొనొచ్చు అన్న ఆలోచనే రాదు.

మాంగా అభిమానులమైన మనం ఇందులో ఇంకో మెట్టు కింద ఉన్నాం. మనలో ఎంతమంది మొదటి మాంగాను కొని చదివారు? ఎవరో స్కాన్ చేసి, ఇంకెవరో ఇంగ్లీషు చేసి పెట్టిన పేజీలనే ఫోన్‌లో చదివాం. జపాన్ బయట ఈ అభిమానం పెరిగిందే ఉచితం మీద. 2019లో షుయేషా సంస్థ మాంగా ప్లస్ యాప్‌తో కొత్త అధ్యాయాలను తనే ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది, అందులో తెలుగు లేదు. వన్ పీస్‌కే డబ్బు పెట్టని చెయ్యి, పక్క హాస్టల్ వాడు గీసిన 24 పేజీలకు 80 రూపాయలు తీస్తుందా? "అన్నా, పీడీఎఫ్ ఉంటే పంపవా" అంటుంది.

తెలుగు సాహిత్యానికి కూడా ఇదే జబ్బుంది, ఇంకా పాతది. సొంతంగా అచ్చేసుకోవడం మనకు కొత్తేం కాదు. తెలుగులో కవిత్వ సంపుటాలు ఎక్కువగా కవి సొంత ఖర్చుతో వచ్చేవే. ఆవిష్కరణ సభ, శాలువా, తర్వాత 'అభిమానంతో' అని సంతకం పెట్టి ఉచిత ప్రతులు. మిగిలినవి మంచం కింద. మా ఆత్మకూర్ ఒకప్పుడు సంస్థానం. తిరుపతి వేంకట కవుల లాంటివాళ్లు మా ఆత్మకూర్, గద్వాల, వనపర్తి తిరిగి అవధానాలు చేసి సంభావనలు అందుకున్నారు. ఆ ఏర్పాటులో ఇచ్చేది రాజు, వినేది సభ. వినేవాడి జేబుకు పనిలేదు. రాజులు పోయారు, జేబు మాత్రం అట్లనే మూసుకుని ఉంది.

ఇప్పుడు లెక్కలకొద్దాం, మనం ఇంజినీర్లం కదా. ఏ5 సైజులో 24 లోపలి పేజీలంటే ఆరు ఏ4 షీట్లు, రెండు వైపులా కలిపి 12 ప్రింట్లు. ప్రింటుకు 2 రూపాయలు అనుకుంటే 24. కలర్ కవర్‌కు 20, పిన్ను కొట్టి అంచులు కోయడానికి 6. కాపీకి 50, నూరు కాపీలకు 5,000. 80 రూపాయలు ధర పెడితే 63 కాపీలు అమ్మినాకే పెట్టుబడి వస్తుంది. ఆఫ్‌సెట్‌లో కాపీ ఖర్చు తగ్గుతుంది, కానీ ప్లేట్ల ఖర్చు గిట్టాలంటే వందల కాపీలు వేయాలి. వందల కాపీలు ఎవరికి అమ్ముతాం? పోస్టులో పంపుదామంటే, చవకగా ఉండే రిజిస్టర్డ్ బుక్ పోస్టును 2024 డిసెంబరులో ఎత్తేశారు. 2025 మేలో జ్ఞాన్ పోస్ట్ వచ్చింది, అది వ్యాపారానికి వేసిన పుస్తకాలకు వర్తించదు. మామూలు చార్జీ పెడితే 80 రూపాయల పుస్తకానికి పోస్టు ఖర్చు పుస్తకం ధరకు దగ్గరగా పోతుంది. అందుకే చేతికి చెయ్యి అమ్మే చోటు కావాలంటున్నా.

మా ఊళ్లో స్టేషనరీ షాపులో అయిదు కాపీలు పెట్టమని అడిగిన ఒకసారి. షాపాయన మంచి మనిషే, తిరగేసి చూసిండు. "మంచిగ గీసినవ్ తమ్మీ. ఏ సినిమా యాడిది? ఫ్రీగనే గదా పంచేది?" అన్నడు. ఎగతాళి చేయలేదు. కొనే వస్తువుల జాబితాలో అట్లాంటిది ఆయనెప్పుడూ చూడలేదు, అంతే. అదే జూరాల డ్యామ్ దగ్గరికి పోండి. వేయించిన చేపల కోసం కార్లు ఆపుకుని తింటారు. అక్కడ చేపలు దొరుకుతాయని అందరికీ తెలుసు కాబట్టి ఆగుతారు. బొమ్మల పుస్తకానికి మన జిల్లాల్లో అట్లాంటి ఒక్క చోటు చెప్పండి.

"కామిక్ కాన్ ఉంది కదా" అంటారు. ఉంది, 2013 నుంచి హైదరాబాద్‌లో జరుగుతోంది. అక్కడ చిన్న కళాకారుల బల్లల మీద ఎక్కువగా కనబడేది స్టిక్కర్లు, పోస్టర్లు, కీచైన్లు. అమెరికా అనిమే సంతల్లోనూ అదే వరస. కారణం కష్టమేం కాదు. పోస్టర్ నచ్చడానికి మూడు సెకన్లు చాలు, కామిక్ నచ్చాలంటే నిలబడి నాలుగు పేజీలు చదవాలి. వెనక గుంపు తోస్తుంటే ఎవరు చదువుతారు? పైగా స్టాల్ అద్దె, ఊరి నుంచి రానుపోను చార్జీ కలిస్తే కథ గీసేవాడు కూడా కీచైన్‌కు మారిపోతాడు. దీనికి వేరే దారి వెతికినవాళ్లు మన దేశంలోనే ఉన్నారు. జపాన్ దోజిన్షి లోకం మీద డాక్యుమెంటరీ తీసిన భరత్ మూర్తి, తిరిగొచ్చి ఇండీ కామిక్స్ ఫెస్ట్ మొదలుపెట్టారు. సొంతంగా వేసుకున్న కామిక్స్ కోసమే పెట్టిన చిన్న సంత అది.

తెలుగులో వేస్తే ఎవరు చదువుతారనేది ఇంకో అనుమానం. కష్టాలున్నాయి. మాంగా బుడగలు నిలువుగా, సన్నగా ఉంటాయి, మన మాటలు పొడుగు, వత్తులకు కింద జాగా కావాలి. కొన్ని బొమ్మల సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోయి ఎక్కడో పడతాయి. కానీ బుడగ మనం గీసేదే కదా, అడ్డంగా గీద్దాం. 2025లో డీమన్ స్లేయర్ సినిమా తెలుగు డబ్బింగ్‌తో మన థియేటర్లకొచ్చింది. చిన్నప్పుడు షించాన్ మనతో తెలుగులోనే అల్లరి చేశాడు. వినడానికి లేని ఇబ్బంది చదవడానికి ఎందుకు?

నేనడిగేది పెద్దదేం కాదు. వచ్చే ఫెస్ట్‌లో మన సాహితీ క్లబ్ పది బల్లలు వేయాలి. అద్దె వద్దు. షరతులు కొన్నే: కనీసం 12 పేజీల కథ ఉండాలి, కవర్ మీద ధర ఉండాలి, ఉచిత ప్రతి ఎవరికీ ఇవ్వొద్దు, ప్రిన్సిపాల్ సార్‌కైనా సరే. వంద కాపీలు దాటొద్దు. ఇంకొకరి లోగో, హీరో ఫోటో వాడొద్దు. ఒక కాపీని లైబ్రరీ కొనాలి. చుట్టుపక్కల ఊళ్ల ఇంటర్ పిల్లలకూ రెండు బల్లలు ఉంచాలి.

కేసు భయం ఉన్నవాళ్లకు కావలసినన్ని పాత్రలున్నాయి. మన చట్టంలో రచయిత పోయిన 60 ఏళ్లకు రచన అందరిదీ అవుతుంది. గురజాడ పోయింది 1915లో. గిరీశాన్ని మన క్యాంటీన్‌లో కూర్చోబెట్టండి, అప్పు అడిగించండి, ఎవరూ నోటీసు పంపరు. అసలు ఇంకొకరి పాత్రలతో మన కథ అల్లడం మనకు జపాన్ నేర్పలేదు. మాయాబజార్ శశిరేఖ వ్యాస భారతంలో ఎక్కడుంది?

"లాభం రాని దానికి ఇంత కష్టమెందుకు" అని అడుగుతారు. నిజమే, 63 కాపీలు కూడా అమ్ముడుపోకపోవచ్చు. కానీ లైకుకు ఖర్చు లేదు. 80 రూపాయలంటే హాస్టల్ వాడికి ఒక పూట బిర్యానీ. అది మానుకుని ఒకడు పుస్తకం కొన్నాడంటే, గీసినవాడికి మరో 24 పేజీలు గీయడానికి అంతకంటే గట్టి కారణం దొరకదు. మనం పోగొట్టుకుంటున్నది ఆ రెండో పుస్తకాన్ని. మొదటిది ఎట్లాగో ఉత్సాహంతో వచ్చేస్తుంది.

తెలంగాణలో కవులే లేరని ఎవరో అంటే, సురవరం ప్రతాపరెడ్డి వాదించుకుంటూ కూర్చోలేదు. 1934లో 354 మంది కవులను ఒకచోట చేర్చి గోలకొండ కవుల సంచిక వేశారు. మన దగ్గర గీసేవాళ్లు లేరు, కొనేవాళ్లు లేరు అనే మాటకూ అట్లాంటి జవాబే కావాలి. క్లబ్ బల్లలు వేస్తే, మనలో ప్రతి ఒక్కరం ఆ రోజు ఒక్క పుస్తకమైనా కొందాం. చిల్లర బాధ కూడా లేదు, ఫోన్‌పే ఉంది.