నేను పెడతాగా!

మీ ఇంట్లో పాట పెట్టేదెవరండీ?

వినేదెవరని కాదు నేనడిగేది, పెట్టేదెవరని. వంటింట్లో వడ్డన మనది, విస్తరి వాళ్లది. పాట దగ్గరికొచ్చేసరికి మాత్రం వడ్డన వాళ్లది, విస్తరి మనది. ఏది వేస్తే అది తినాలి, ఎప్పుడు లేపితే అప్పుడు లేవాలి.

రేడియో రోజులు గుర్తున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. హాల్లో బల్లమీద రేడియో, దానిమీద క్రోషియాతో అల్లిన ముసుగు. అల్లింది ఇల్లాలు. రోజూ దుమ్ము తుడిచేదీ ఇల్లాలే. నాబు తిప్పేది మాత్రం ఇంటాయన. ‘నువ్వు ముట్టుకోకు, స్టేషను పోతుంది’ అనేవారు. ఆయన తిప్పినప్పుడు స్టేషను పోతే అది వాతావరణం తప్పు!

తర్వాత టేప్ రికార్డరు వచ్చింది. 1963లో ఫిలిప్స్ వాళ్లు తెచ్చిన ఆ చిన్న కేసెట్టు, ఎనభైలు వచ్చేసరికి మన మధ్యతరగతి ఇళ్లల్లోనూ కాలు పెట్టింది. నన్నడిగితే ఆడవాళ్లకి పాట మీద మొదటిసారి పెత్తనం వచ్చింది అప్పుడే. ఎందుకంటారా? దానికి మీటలుండేవి. వరసగా అయిదారు మీటలు. నొక్కితే ‘టక్’మని చప్పుడు. ఏ మీట ఎక్కడుందో వేలికి తెలుసు, కన్ను చెప్పక్కర్లేదు. కరెంటు పోయి వచ్చినా, చేతికి శనగపిండి అంటినా, మోచేత్తో ఆనించి ఆపేసేవాళ్లం.

ఇప్పుడేం వచ్చింది? అద్దం! పైనించి కిందదాకా నున్నటి అద్దం. దానిమీద చెయ్యి పెడితే ఏది ఎక్కడుందో వేలికెలా తెలుస్తుంది? కన్ను చెప్పాలి. కన్ను చెప్పాలంటే కళ్లజోడు కావాలి. కళ్లజోడు దేవుడి గదిలో ఉంటుంది. తీరా తెచ్చుకుని చూస్తే వేలు తడిగా ఉంటుంది, అద్దం పలకదు. వయసుతో చెయ్యి కాస్త వణికిందా, ఒకటి నొక్కితే మరొకటి తెరుచుకుంటుంది. ఎలాగో కష్టపడి నేర్చుకున్నామే అనుకోండి, పై నెలలో ‘కొత్త రూపం’ అంటూ ఎడమనున్న గుర్తు కుడికీ, కిందున్నది పైకీ పోతాయి. మన పోపులపెట్టెలో ఆవాలూ జీలకర్రా నెలకోసారి ఎవరో వచ్చి తారుమారు చేసి పోతే ఊరుకుంటామా?

అప్పుడు పిల్లలు ఎంతో ప్రేమగా అనేమాట ఒకటుంది. ‘నీకెందుకమ్మా ఈ బాధ, నేను పెడతాగా!’

నా కోపమంతా ఈ మాటమీదే. ఇందులో ప్రేమ లేదనను. కానీ ఈ ప్రేమ ఎంతసేపు? వాడు ఆఫీసుకెళ్తే పాట లేదు. అమ్మాయి ఫోనులో మాట్లాడుతుంటే పాట లేదు. ఒకసారి అడుగుతాం, రెండోసారి అడుగుతాం, మూడోసారి ‘పోనీలే, వాళ్లకేదో పనుంది’ అని మనమే మానేస్తాం. చూస్తూండగానే పాట వినడం అనేది మన రోజులోంచి జారిపోతుంది. ‘అమ్మకిప్పుడు పాటలమీద ధ్యాస తగ్గింది’ అని వాళ్లే అంటారు కూడాను! ధ్యాస తగ్గలేదు నాయనా, దేబిరించడానికి మొహం చెల్లలేదు.

మరి దీనికి మందేమిటంటే, మీరు నవ్వినా సరే చెబుతాను: కీబోర్డు.

నవ్వేముందు ఒక్కటి ఆలోచించండి. మనలో ఎంతమంది పెళ్లికి ముందు టైపు నేర్చుకోలేదు? ఊరికో టైపు ఇన్‌స్టిట్యూటు, మేడమీద గదిలో టకటకమంటూ పాతిక మిషన్లు. లోయరు ప్యాసయ్యాక హయ్యరు. మీటల వంక చూడకుండా కొట్టాలని కట్టడి. పెళ్లయ్యాక సర్టిఫికెట్లు ట్రంకుపెట్టె అడుగుకి చేరాయిగాని, వేళ్లు మర్చిపోలేదు. ఇవాళ్టి కంప్యూటరు కీబోర్డులో అక్షరాల వరస దాదాపుగా ఆ పాత వరసే. 1874లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన టైపు మిషను నుంచి వస్తున్న వరస అది. ఎఫ్ మీదా జె మీదా చిన్న గీతలా ఉబ్బెత్తుగా ఉంటుంది, తడిమి చూడండి. వేళ్లకి అది ఆనవాలు. నూటయాభై ఏళ్లుగా చోటు మారని మీటలుండగా, నెలకోసారి చోటు మార్చే అద్దం చుట్టూ ప్రదక్షిణాలు చెయ్యడం దేనికమ్మా?

టైపు నేర్చుకోనివాళ్లూ బెంగపడక్కర్లేదు. పాట వినడానికి కావలసినవి పట్టుమని పది మీటలు. దోసె తిరగెయ్యడం ఇంతకన్నా కష్టం.

పిల్లలు కొత్తది కొనుక్కుని అటకమీద పడేసిన పాత ల్యాప్‌టాప్ ఉంటుంది చూడండి, అది దింపించండి. వి.ఎల్.సి. అనే ప్లేయరుంది, పైసా ఖర్చు లేదు. పారిస్‌లో ఓ ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు మొదలుపెట్టి, 2001లో అందరికీ ఉచితంగా విడుదల చేశారు. అందులో స్పేస్ బారు నొక్కితే పాట ఆగుతుంది, మళ్లీ నొక్కితే సాగుతుంది. కీబోర్డు మొత్తానికి పొడుగైన మీట అదే, మోచేతికి కూడా దొరుకుతుంది. ఎన్ నొక్కితే తర్వాతి పాట. పి నొక్కితే ముందటి పాట. కంట్రోల్ పట్టుకుని పైబాణం నొక్కితే గొంతు పెరుగుతుంది, కిందిబాణం నొక్కితే తగ్గుతుంది. గుమ్మంలోకి ఎవరైనా వస్తే ఎమ్ నొక్కండి, నోరు మూసుకుంటుంది. ఇంట్లో అందరికీ ఇలాంటి మీటొకటి ఉంటే ఎంత బాగుండును!

అంతకుముందే, 1997లో, విన్‌ఆంప్ అని ఒకటొచ్చింది. దాంట్లో అడుగు వరసలో పక్కపక్కనున్న అయిదు మీటలు, జెడ్, ఎక్స్, సి, వి, బి, వరసగా వెనకటి పాట, మొదలు, విరామం, ముగింపు, తర్వాతి పాట. హార్మోనియం మెట్లలా ఎడమచేతి కింద అమిరిపోయేవి. చేసేవాళ్లకి మనసుంటే చెయ్యొచ్చునని చెప్పడానికే ఈ మాట.

ఇక పాటలు వెతుక్కోవడం. ఇది మన బీరువా సర్దుడే, కొత్త విద్యేం కాదు. పట్టుచీరలో అర, నేతచీరలో అర. అలాగే త్యాగరాజు కీర్తనలొక ఫోల్డరు, అన్నమయ్యవి ఒకటి, ఘంటసాల ఒకటి, పెళ్లిపాటలొకటి. ఫోల్డర్లున్న చోట ఏదైనా అక్షరం నొక్కితే ఆ అక్షరంతో మొదలయ్యే పేరు దగ్గరికి దానంతటదే వెళ్తుంది. ఎంటరు కొడితే లోపలికి. ఆల్ట్ పట్టుకుని పైబాణం కొడితే మళ్లీ బయటికి. మౌసు ముట్టక్కర్లేదు. పేర్లు పెట్టేటప్పుడు ముందు 01, 02 అని అంకెలు వేసుకోండి. ఉత్త 1, 2 అని వేస్తే కొన్ని ప్లేయర్లు ఒకటి తర్వాత పదిని తెచ్చి కూర్చోబెడతాయి. పంక్తిలో చంటివాడి పక్కన తాతగారిని కూర్చోబెట్టినట్టు!

ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చింది ప్లే లిస్టు. ప్లే లిస్టంటే ఏమిటో అనుకునేరు. పచారీ కొట్టుకి రాసే చీటీ, అంతే. ఎమ్3యు అనే రకం చీటీని తెరిచి చూడండి, వరసకో పాట చొప్పున పాటల అడ్రసులు రాసి ఉంటాయి. వి.ఎల్.సి.లో కంట్రోల్-ఎఫ్ నొక్కి ఫోల్డరు ఎంచుకుంటే అందులో పాటలన్నీ వరసలోకి వస్తాయి. కంట్రోల్-ఎల్ నొక్కితే ఆ వరస కళ్లముందుంటుంది. అక్కర్లేని దానిమీద నిలబడి డిలీట్ కొడితే చీటీలోంచి పోతుందే గాని, పాట ఎక్కడికీ పోదు. తృప్తిగా కుదిరాక కంట్రోల్-వై నొక్కి చీటీకో పేరు పెట్టి దాచుకోండి. పొద్దుటికొకటి, వంటవేళకొకటి, నిద్ర పట్టని రాత్రికొకటి. మర్నాడు ఆ చీటీ మీద ఎంటరు కొడితే చాలు, మీరు రాసిన వరసలోనే పాడుతుంది.

ఒక్క జాగ్రత్త. చీటీలో కందిపప్పు అని రాసినంత మాత్రాన చీటీని ఉడకబెట్టుకోలేం కదా! చీటీ చీటీయే, పప్పు పప్పే. పాటల్ని వేరేచోటికి మార్చేస్తే చీటీలో అడ్రసు తప్పవుతుంది. అందుకని పాటలూ చీటీలూ ఒకే పెద్ద ఫోల్డరులో ఉంచండి. దానికి నకలు మరో పెన్‌డ్రైవులో తీసి దాచండి. ఆవకాయ రెండు జాడీల్లో పెట్టమూ? 32 జి.బి. పెన్‌డ్రైవులో మామూలు పాటలు ఏడెనిమిది వేలు పడతాయి. మన కేసెట్లూ సి.డి.లూ ఉంటే ఎక్కించుకోవచ్చు, లేనివి కొనుక్కోవచ్చు.

ఇక్కడ మా ఇంటి చిన్నవాళ్లు అడ్డుపడతారు. ‘ఇదంతా పాతకాలం పద్ధతి. ఇప్పుడు పాటలు దాచుకోవడమేమిటి? ఆప్ ఉండగా లోకంలో పాటలన్నీ మనవే’ అని. మనవా? గూగుల్ వాళ్ల ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. మన దేశంలోనే ఎంతోమంది వాడిన ఎయిర్‌టెల్ వారి వింక్‌ను 2024లో మూసేస్తున్నామని ప్రకటించారు. జీ మ్యూజిక్ పాటలు 2023లో స్పాటిఫైలోంచి ఒక్కసారిగా మాయమయ్యాయి. కంపెనీకీ కంపెనీకీ బేరం కుదరలేదట. వాళ్లూ వాళ్లూ బేరం కుదరక పోట్లాడుకుంటే మన వంటింట్లో పాట ఆగిపోవాలా? అద్దెకు తెచ్చిన గిన్నెలు పెళ్లిదాకా బాగానే ఉంటాయి. రోజూ అన్నం వండుకునే గిన్నె మాత్రం సొంతానిదై ఉండాలి.

పైగా ఆ ఆప్‌లు మనం అడిగినదాంతో ఆగుతాయా? ఎమ్మెస్ కీర్తన ఒకటి అడిగితే, అది పాడి, ‘మీకు ఇవికూడా నచ్చుతాయి’ అని తనకి తోచినవి తగిలిస్తుంది. నాకేం నచ్చుతుందో చెప్పడానికి నువ్వెవరివే? ఇంట్లో అరవయ్యేళ్లుగా ఇదే పాట వింటున్నాం. నీకీ చీర బాగుంటుందని ఒకరు, నీకీ కూర పడదని ఇంకొకరు. మిషను కూడా మొదలుపెడితే ఇంకెక్కడ చెప్పుకుంటాం?

‘అయితే నోటితో అడుగు, అదే పాడుతుంది’ అంటారు ఇంకొందరు. అడిగి చూశాం. అన్నమయ్యని అడిగితే అన్నయ్యని తెస్తుంది. నెట్టు లేకపోతే మూగబోతుంది. చంటిది పడుకున్న వేళ, మగవాళ్లు మీటింగులో ఉన్న వేళ హాలు మధ్యన నిలబడి నాకు ఫలానా పాట కావాలని కేకెయ్యాలి. మీటకి ఆ బాధ లేదు. చప్పుడు చెయ్యదు, ఎవర్నీ అడగదు, ఎవరికీ చెప్పదు.

చూపు మరీ మందగించిన పెద్దవాళ్ల మాటేమిటంటారా? అక్కడే ఈ మీటల గొప్పతనం తెలిసేది. బొత్తిగా చూపులేనివాళ్లు కంప్యూటరు నడిపేది కీబోర్డుతోనే. తెర మీదున్న బాణాన్ని చూడలేనివారికి మౌసు దేనికి? ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే చూపులేని యువకుడు 2006లో ఎన్.వి.డి.ఏ. అనే ప్రోగ్రాము మొదలుపెట్టాడు. తెరమీద ఏముందో అది పైకి చదివి చెబుతుంది. అదీ ఉచితమే, తెలుగు కూడా చదువుతుంది. బాణం మీట నొక్కుతూపోతే ఒక్కొక్క పాట పేరూ చెవికి చెబుతుంది, కావలసింది వినగానే ఎంటరు. కంటి ఆపరేషనుకి ముందు వెలుగు చూడలేని అత్తగారు కూడా తన పాట తాను పెట్టుకోవచ్చు. ఆవిడకి కావలసింది ఖరీదైన పెట్టె కాదు, నాలుగు మీటలూ, నేర్పే ఓపికున్న మనిషీ.

ఆ ఓపికే కరువు. నేర్పడానికి అరగంట పడుతుంది, తనే పెట్టేస్తే అర నిమిషం. అందుకని తనే పెట్టేస్తాడు. రోజుకి అర నిమిషం చొప్పున సంవత్సరాల తరబడి పెడుతూనే ఉంటాడు గాని, ఆ ఒక్క అరగంటా ఇవ్వడు! వాడికి అక్షరాలు దిద్దబెట్టినప్పుడు ‘నీకెందుకురా, నేను రాస్తాగా’ అని మనం అనుకునుంటే ఏమయ్యుండేదో ఒక్కసారి గుర్తుచెయ్యండి.

ఇది పాటతో ఆగే సంగతి కాదమ్మా. ఇవాళ పాట ‘నేను పెడతాగా’ అంటారు. రేపు బ్యాంకు లెక్క ‘నేను చూస్తాగా’, ఎల్లుండి ఫలానా ఊరు వెళ్లాలా వద్దా ‘నేను చెబుతాగా’. ఇంట్లో పెద్దరికం ఒక్కరోజులో పోదు, ఒక్కొక్క మీటే చేజారిపోతుంది. తిరిగి పట్టుకోవడమూ ఒక్కొక్క మీటతోనే. అన్నిటికన్నా తేలికైంది స్పేస్ బారు, దాంతో మొదలుపెట్టండి.

పది మీటల పేర్లూ ఓ కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ల్యాప్‌టాప్ పక్కన గోడకి అంటించండి. వారంలో ఆ కాగితంతో పనుండదు. మీ చీటీ మీరే రాయండి, ఆ వరసలో ఒక్క పాట కూడా ఇంకొకరి కోసం వెయ్యకండి. ఈ ఒక్క విస్తరిలోనైనా మనకిష్టమైనవే వడ్డించుకుందాం.

ఈసారి ఎవరైనా ‘నేను పెడతాగా’ అంటూ చెయ్యి చాస్తే, కోప్పడకుండా, నవ్వుతూనే చెప్పండి: ‘పెట్టకు నాన్నా. ఎలా పెట్టాలో చెప్పి, కాస్త పక్కకి జరుగు.’